పైథాన్‌ని విప్పి చూద్దాం రండి

ఫస్టియర్ నుంచీ మనం పైథాన్ వాడుతూనే ఉన్నాం. ఇన్‌స్టాల్ చేస్తాం, ప్రోగ్రాం రాస్తాం, రికార్డు మీద సంతకం పెట్టించుకుంటాం, అంతే. ఆ పైథాన్ కూడా సీ భాషలో రాసిన ఒక ప్రోగ్రామే. దాని పేరు సీపైథాన్. ఆ కోడంతా గిట్‌హబ్‌లో ఉంది, ఎవరైనా దించుకోవచ్చు. ఈ సంగతి అందరికీ తెలుసు, కానీ దించుకుని చూసేవాళ్లు తక్కువ. పోయిన సెలవుల్లో నేను ఆ పని చేశాను. చేయించింది ఒక తెలుగు మాట.

2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగులో కూడా పెట్టుకోవచ్చు. "ధాన్యం = 75" అని రాస్తే హాయిగా నడుస్తుంది. "విజయవాడ" కూడా నడుస్తుంది. "ఫోన్‌నంబరు" అని రాస్తే మాత్రం సింటాక్స్ ఎర్రర్. కంటికి కనపడని అక్షరం యూ+200సీ చెల్లదు అంటుంది. కనపడని అక్షరం ఎక్కడినుంచి వచ్చింది?

మన కీబోర్డు నుంచే. "ఫోన్" పక్కన "నంబరు" టైపు చేస్తే రెండు న-లు కలిసి "ఫోన్నంబరు" అయిపోతుంది. అలా కలవకుండా మధ్యలో ఒక అడ్డు పెడతాం. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్నా, పని మాత్రం పెద్దది. ఇంగ్లీషు మాటలకి తెలుగు విభక్తులు తగిలించే మనకి అది లేకపోతే రోజు గడవదు. ఈ వ్యాసంలోనే అలాంటివి పదుల సంఖ్యలో ఉన్నాయి.

ఈ అక్షరానికి పాత చరిత్ర కూడా ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి, గుర్తుందా? ఆ వరసలో కూడా ఇదే 200సీ దాక్కుని ఉంది. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చేదాకా వాడేవాళ్లు చేయగలిగింది ఎదురుచూడటమే, ఎందుకంటే ఆ కోడ్ మన చేతిలో లేదు. పైథాన్ విషయంలో ఆ ఇబ్బంది లేదు. ఎందుకు కాదందో లోపలికి వెళ్లి చూడొచ్చు.

ముందు బిల్డ్ సంగతి. హాస్టల్ వైఫైని నమ్ముకున్నవాళ్లు, మొబైల్ డేటా లెక్కచూసుకునేవాళ్లు డెప్త్ 1 పెట్టి క్లోన్ చేయండి. చరిత్ర అంతా రాదు, తాజా కోడ్ ఒక్కటే వస్తుంది. తర్వాత కాన్ఫిగర్ స్క్రిప్టుని "విత్ పైడీబగ్" ఆప్షన్‌తో నడిపి, మేక్ కొట్టాలి. ఇక్కడ మూడు చోట్ల జనం ఆగిపోతారు.

ఒకటి, బిల్డ్ పూర్తయినా పిప్ పనిచేయదు. ఉబుంటులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ డెవ్ ప్యాకేజీ లేకపోతే ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ తయారవదు. మేక్ ఆగిపోదు, ఏ మాడ్యూళ్లు తయారవలేదో చివర్లో ఒక జాబితా చెప్పి ఊరుకుంటుంది. ఆ జాబితా చదవాలి. రెండు, నాలుగు పనులు ఒకేసారి నడిపితే ఎర్రర్లు కలగాపులగం అవుతాయి. అప్పుడు మేక్‌ని ఒక్క పనితో మళ్లీ నడిపి, మొదటి ఎర్రర్ చూడాలి. కింద ఉన్నవి చాలావరకు దాని పిల్లలే. మూడు, ఇన్‌స్టాల్ చేయాలనుకుంటే "ఆల్ట్‌ఇన్‌స్టాల్" వాడండి. మామూలు ఇన్‌స్టాల్ కొడితే పైథాన్3 అనే పేరు మీ కొత్త బిల్డ్‌కి పోతుంది.

ఇక డీబగ్. బిల్డ్ అయిన పైథాన్‌ని జీడీబీ కింద నడిపాను. పేరులోని ప్రతి అక్షరాన్నీ చెల్లుతుందా లేదా అని చూసే ఫంక్షన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెట్టాను. ఫ, ఓత్వం, న, పొల్లు: నాలుగూ దాటిపోయాయి. ఐదోదాని విలువ 8204. అదే 200సీ. అక్కడ సున్నా తిరిగొచ్చింది, పైథాన్ ఆగిపోయింది.

అంటే ఇది బగ్ కాదు, రూలు. పేర్లలో ఏ అక్షరాలు ఉండొచ్చో యూనికోడ్ ఇచ్చిన మామూలు జాబితానే పైథాన్ తీసుకుంది. అందులో ఈ అడ్డుకి చోటు లేదు. కారణమూ సబబుగానే ఉంది: కనపడని అక్షరాన్ని ఒప్పుకుంటే, చూడటానికి ఒకేలా ఉన్న రెండు పేర్లు లోపల వేరువేరు వేరియబుల్స్ కావచ్చు. జావాస్క్రిప్ట్ మాత్రం దీన్ని పేరు మధ్యలో ఒప్పుకుంటుంది. అంటే ఇది ప్రకృతి ధర్మమేమీ కాదు, మనుషులు కూర్చుని తీసుకున్న నిర్ణయం. ప్రస్తుతానికి "ఫోన్_నంబరు" అని అండర్‌స్కోర్ పెడితే సరిపోతుంది.

నిజంగా బగ్గే అయితే? నిన్నటిదాకా నడిచింది ఇవాళ నడవకపోతే? అందుకు గిట్ బైసెక్ట్ ఉంది. మా రూమ్మేట్‌ది బందరు కాలువ శివారు ఊరు. వాడికి బైసెక్ట్ చెప్పబోతే, "ఇది మా నాన్నకి తెలుసురా" అన్నాడు. బ్యారేజీ దగ్గర నీళ్లున్నాయి, చేలోకి రావట్లేదు. కాలువ గట్టు పొడుగూతా నడవక్కర్లేదు. సగం దూరంలో ఒక తూము దగ్గర చూడాలి. అక్కడ నీళ్లుంటే అడ్డం దిగువన, లేకపోతే ఎగువన. మళ్లీ అందులో సగం. వెయ్యి కమిట్లున్నా పది సార్లు చూస్తే దోషి దొరుకుతుంది. డెప్త్ 1 క్లోన్ దీనికి పనికిరాదు, పూర్తి చరిత్ర కావాలి. ప్రతి అడుగులోనూ మళ్లీ బిల్డ్ చేయాలి. అనుమానం వస్తే పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు తుడిచేసి చేయండి.

ఇదంతా ప్లేస్‌మెంటుకి పనికొస్తుందా అని అడుగుతారు. రావచ్చు. నాకు ముఖ్యం వేరే. తెలుగులో కోడ్ రాసి చూసేవాళ్లకే తెలుగు ఎక్కడ తట్టుకుంటుందో తెలుస్తుంది. మనం చెప్పకపోతే ఆ సమస్య ఉన్నట్టే ఎవరికీ తెలియదు. 2022 నుంచి సీపైథాన్ ఇష్యూలు గిట్‌హబ్‌లోనే ఉన్నాయి. కొత్తవాళ్ల కోసం "ఈజీ" అని గుర్తు పెట్టినవి కూడా ఉంటాయి. ఒక తెలుగు పేరుతో టెస్ట్ రాయడం, డాక్యుమెంటేషన్‌లో ఒక వాక్యం సరిచేయడం ఇలాంటి వాటితో మొదలుపెట్టొచ్చు. వచ్చే సెలవుల్లో ల్యాప్‌టాప్‌లో కొంచెం చోటు ఖాళీ చేసుకోండి. "ఫోన్‌నంబరు" టైపు చేసి, ఐదో అక్షరం దగ్గర ఆగడం మీ కళ్లతో చూడండి.