జీతం సర్కారుది, చదువు ఖర్చు ఇంటివాళ్లది

దక్షిణ పినాకిని మీది కెలవరపల్లి ఆనకట్ట హోసూరుకు దగ్గరే. చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది పిల్లలకు ఇంట్లో తెలుగో కన్నడమో, బడిలో తమిళం. డెంకణికోట దాటి అంచెట్టి కొండల వైపు వెళ్తే, పదో తరగతి గట్టెక్కకముందే ఆడపిల్లకు సంబంధం ఖాయం చేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. తమిళనాడులో బాల్యవివాహాల బెడద ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఈ ఊళ్లున్న కృష్ణగిరి ఒకటి.

అలాంటి పెళ్లి గురించి ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారనుకుందాం. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, పెళ్లి ముప్పు ఉన్న బాలిక రక్షణ అవసరమైన బిడ్డ కిందికి వస్తుంది. ఆమెను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకెళ్లాలి. సమితి విచారణకు ఆదేశిస్తే సోషల్ వర్కర్ వంటివారు 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. దానికి ఫారం 22 ఉంది. బడి ఎందుకు మానింది, ఇంటి ఆదాయమెంత, ఇంట్లో ఎవరెవరున్నారు వంటి గడులన్నీ నింపాలి.

గడులు నింపడం తేలికే. వాటిలో నిజం రాయడమే కష్టం. “పరాయివాళ్లకా ఇస్తున్నాం, సొంత మేనమామకే కదా” అని అవ్వ దబాయిస్తుంది. అప్పు సంగతి తండ్రి దాచేస్తాడు. నలుగురి ముందు పిల్ల నోరే విప్పదు. ఆమెను పక్కకు తీసుకెళ్లి, ఇంటి భాషలో మాట కలిపి, భయపెట్టకుండా విషయం రాబట్టాలి. ఎమ్మెస్‌డబ్ల్యూ (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్)లో నేర్పేది ఇలాంటి పనే. రెండేళ్ల ఈ కోర్సులో మామూలుగా వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ ఉంటుంది.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. అప్పటి దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూలే నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, టిస్. మద్రాసులో 1952లో స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ వచ్చింది. 1098 చైల్డ్‌లైన్ కూడా 1996లో టిస్ ప్రయోగంగానే పుట్టింది.

మరి ఆ చదువుకు డబ్బెవరిస్తారు?

బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాల్లో జిల్లా బాలల సంరక్షణ విభాగపు సోషల్ వర్కర్‌కు నెలకు రూ.18,536, ఊళ్లు తిరిగే ఔట్‌రీచ్ వర్కర్‌కు రూ.10,592 అని రాశారు. చాలా రాష్ట్రాల్లో ఇందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఇదంతా ఉద్యోగంలో చేరాక వచ్చే సొమ్ము. అంతకుముందు రెండేళ్ల ఫీజు, హాస్టల్, ఫీల్డ్‌వర్క్ బస్సు చార్జీలు ఎక్కువగా ఇంటివాళ్ల నెత్తినే. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆసరా ఉన్నా, అదీ నిలకడగా ఉండదు. 2018 ఫిబ్రవరిలో ఫీజు మినహాయింపుల కోత మీద ముంబయి, హైదరాబాద్ సహా టిస్ క్యాంపస్‌లన్నిటిలో విద్యార్థులు సమ్మెకు దిగారు.

అమెరికాలో దీనికి వేరే దారి వెతికారు. 1980 నాటి చట్టం కింద, ప్రభుత్వ బాలల సంక్షేమ శాఖల్లో పనిచేసేవాళ్ల, చేయబోయేవాళ్ల శిక్షణ ఖర్చులో 75 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం భరిస్తుంది. ఆ నిధులతోనే కాలిఫోర్నియాలో 1990లో ఏర్పడిన ‘కాల్‌స్వెక్’ ఎమ్మెస్‌డబ్ల్యూ విద్యార్థులకు స్టైపెండ్ ఇస్తోంది. బదులుగా, డబ్బు తీసుకున్న ప్రతి ఏడాదికీ ఒక ఏడాది ఆ శాఖలో పనిచేస్తామని విద్యార్థి ఒప్పందం రాసివ్వాలి. మాట తప్పితే సొమ్ము తిరిగి కట్టాలి.

తమిళనాడుకూ ఇలాంటి మలుపు కొత్తేం కాదు. మూవలూర్ రామామృతం అమ్మైయార్ పేరిట పేద ఆడపిల్లల పెళ్లికి నగదు, తాళికి బంగారం ఇచ్చే పథకం ఉండేది. 2022లో దాన్ని చదువు వైపు మళ్లించి ‘పుదుమై పెణ్’ చేశారు. ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలో చదివిన అమ్మాయికి డిగ్రీ, డిప్లొమా, ఐటీఐ పూర్తయ్యేవరకు నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. డెంకణికోట పిల్ల సోషల్ వర్క్ డిగ్రీ అయిన బీఎస్‌డబ్ల్యూలో చేరితే ఈ సాయం అందుతుంది. పీజీ కాబట్టి ఎమ్మెస్‌డబ్ల్యూకు మాత్రం వర్తించదు.

దాన్ని మరో రెండేళ్లు పొడిగిస్తే ఒక్కొక్కరికి అయ్యేది రూ.24,000. కొండ పల్లెల భాష తెలిసిన పదిమంది అమ్మాయిలకు ఎమ్మెస్‌డబ్ల్యూలో ఈ సాయం ఇవ్వడానికి రూ.2,40,000 అవుతుంది. జిల్లాలో ఒక్క సోషల్ వర్కర్‌కు ప్రభుత్వం ఏడాదికిచ్చే జీతం రూ.2,22,432.