యౌవనస్థుల ఆలోచనా స్వేచ్ఛ – కాపరి బాధ్యత

ఆలోచనా స్వేచ్ఛ అనగానే మనకు పత్రికలు, సభలు గుర్తుకు వస్తాయి. అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల యౌవనస్థులకు ఆ స్వేచ్ఛ విషయమైన పరీక్ష తరచుగా ఇంటిలోనే, పెండ్లి మాట వచ్చినప్పుడే ఎదురవుతుంది.

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతియైన భార్యతో ఆసుపత్రి నుండి బయటకు వస్తున్న ప్రణయ్ అనే దళిత క్రైస్తవ యువకుడిని నరికి చంపారు. వారిది కులాంతర వివాహం. మొదటి నిందితుడు వధువు తండ్రే. విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆయన మరణించాడు. 2025 మార్చి 10న నల్గొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. అదే సంవత్సరం జనవరిలో సూర్యాపేటలోనూ కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడు హత్యకు గురయ్యాడు.

చట్టం ఏమంటున్నది? 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, వయోజనులైన ఇద్దరు పరస్పర అంగీకారంతో చేసుకునే ఎంపిక రాజ్యాంగపు 19, 21 అధికరణాల క్రిందికి వస్తుందనీ, దానికి కుటుంబం గాని కులం గాని అనుమతి ఇవ్వనవసరం లేదనీ తేల్చింది. బెదిరింపులున్న జంటలకు రక్షణ కల్పించాలని ప్రభుత్వాలను ఆదేశించింది. ప్రణయ్ హత్య ఆ తీర్పు వచ్చిన ఆరు నెలలలోపే జరిగింది. తీర్పు వెలువడినంత మాత్రాన అది ఇంటి గడప దాటి లోపలికి రాదు.

వాక్యము ఏమంటున్నది? యోబు 32లో ఎలీహు పెద్దల యెదుట నోరు తెరవడానికి వెనుకాడి, చివరకు మాట్లాడతాడు. జ్ఞానము వయసుకే పరిమితము కాదని అతని వాదము. ఆదికాండము 24లో రిబ్కా ప్రయాణమునకు ముందు ఆమె ఇంటివారు ఆమెనే పిలిచి అడుగుతారు.

అట్లయితే తల్లిదండ్రుల మాటకు విలువ లేదా? ఉన్నది. సలహా ఇవ్వడం వారి ధర్మం. నిర్బంధించడం వారి హక్కు కాదు. ఈ తేడాను సంఘానికి బోధించవలసినవారము మనమే.

వివాహ ఆరాధనలో వధూవరుల సమ్మతిని మనము అందరి యెదుట అడుగుతాము. అప్పటికి పందిరి వేసి, బంధువులు కూర్చొని ఉంటారు; కాదనే ధైర్యము ఎవరికి ఉంటుంది? కనుక ప్రధానమునకు ముందే ఇద్దరినీ వేరువేరుగా, పెద్దలు లేనిచోట అడగాలి. ప్రాణభయముతో వచ్చిన జంటను రాజీ పేరుతో ఇంటికి త్రిప్పి పంపక, పోలీసు రక్షణ దొరికేవరకు తోడుండాలి. మన సంఘాలలోనూ సంబంధాలు కులము చూచియే కుదురుతున్నాయని మొదట మనమే ఒప్పుకోవాలి. అది ఒప్పుకోని ప్రసంగపీఠము ముందు ఏ యౌవనస్థుడు మనసు విప్పుతాడు?