పెంపుడు కుక్కతో కారవాన్ ప్రయాణం

పెంపుడు కుక్కతో కారవాన్ ప్రయాణం అనగా నిద్ర, వంట, స్నానం వంటి వసతులు గల వాహనంలో యజమాని తన కుక్కను వెంటబెట్టుకొని చేసే యాత్ర. అమెరికాలో ఇటువంటి వాహనాన్ని ఆర్.వి. అని పిలుస్తారు. అక్కడ, ఆస్ట్రేలియాలో, ఐరోపా దేశాలలో ఇటువంటి యాత్రలు సర్వసాధారణం. తెలుగునాట కారవాన్ అనే మాట ఎక్కువగా సినిమా చిత్రీకరణ స్థలంలో నటీనటులు విశ్రాంతి తీసుకొనే వాహనాన్ని సూచిస్తుంది. ఇక్కడ కుక్కతో ప్రయాణించేవారు సాధారణంగా కారును, వ్యానును లేదా రైలును ఆశ్రయిస్తారు. రోడ్డు వాహనం ఏదైనప్పటికీ, కృష్ణా డెల్టా వంటి ఉష్ణ ప్రాంతంలో కుక్కకు ముఖ్యమైన ప్రమాదం ఒక్కటే: నిలిపి, తలుపులు మూసిన వాహనంలోని వేడి.

ప్రాంతం, మార్గాలు

తెనాలి గుంటూరు జిల్లాలో ఉన్నది. బాపట్ల, రేపల్లె పట్టణాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నవి. కాలువల వలన తెనాలికి "ఆంధ్రా ప్యారిస్" అనే పేరు వచ్చింది. కత్తిపూడి - ఒంగోలు జాతీయ రహదారి (216) రేపల్లె, బాపట్లల మీదుగా పోతుంది. రేపల్లె వద్ద పెనుమూడి - పులిగడ్డ వారధి కృష్ణా నదిని దాటిస్తుంది. బాపట్లకు సమీపంలోని సూర్యలంక సముద్రతీరం విహారయాత్రికులను ఆకర్షిస్తుంది.

వాహనంలో వేడి

మనిషి వలె కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. అది ప్రధానంగా నాలుక చాచి వగర్చటం ద్వారా శరీరాన్ని చల్లబరచుకుంటుంది. ఎండలో మూసి ఉంచిన కారులో మొదటి 10 నిమిషాలలోనే సుమారు 10 డిగ్రీల సెల్సియస్ మేరకు ఉష్ణోగ్రత పెరుగుతుందని పరిశోధనలలో తేలింది. అద్దాలను కొద్దిగా దించి ఉంచటం వలన పెద్దగా ప్రయోజనం ఉండదు. రోహిణి కార్తెలోనే కాదు, ఎండ కాసే శీతాకాలపు మధ్యాహ్నం కూడా ఈ ప్రమాదం ఉంటుంది.

ఎ.సి. గల కారవాన్‌లో కుక్కను వదలి వెళ్ళటం కూడా సురక్షితం కాదు. ఆ ఎ.సి. ఇంజను, జనరేటరు, బ్యాటరీ లేదా బయటి విద్యుత్తుపై ఆధారపడి నడుస్తుంది. అది ఆగిపోయిన క్షణం నుండి వాహనం మూసిన పెట్టెగా మారుతుంది. కనుక భోజనానికి ఆగినా, దైవదర్శనానికి ఆగినా ఒకరు కుక్క వద్దే ఉండటం అవసరం.

పగ్ వంటి పొట్టి మూతి గల జాతులు వేడిని ఏమాత్రం తట్టుకోలేవు. 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలో కనిపించిన తరువాత ఈ జాతి భారతదేశంలో బాగా ప్రజాదరణ పొందింది. దట్టమైన బొచ్చు గల జాతులకు, ముసలి కుక్కలకు, లావుపాటి కుక్కలకు కూడా ప్రమాదం ఎక్కువ.

వడదెబ్బ లక్షణాలు, ప్రథమ చికిత్స

ఆరోగ్యవంతమైన కుక్క శరీర ఉష్ణోగ్రత సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్ వరకు ఉంటుంది. 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయం. ఆగకుండా వగర్చటం, చొంగ కారటం, చిగుళ్ళు బాగా ఎర్రబడటం, తూలటం, వాంతులు దీని లక్షణాలు. వెంటనే కుక్కను నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళు పోసి, గాలి తగిలేటట్లు విసరాలి. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా నీరు త్రాగించవచ్చు. ఆ తరువాత కోలుకున్నట్లు కనిపించినా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి, ఎందుకనగా లోపలి అవయవాలకు కలిగిన హాని ఆలస్యంగా బయటపడవచ్చు.

నియమాలు

జంతు హింస నివారణ చట్టం (1960) క్రింద రూపొందిన జంతువుల రవాణా నియమాలు (1978) కుక్కల రవాణాకు ప్రత్యేక నిబంధనలు విధించాయి. వీటి ప్రకారం పశువైద్యుడు కుక్కను పరీక్షించి ఆరోగ్య ధృవపత్రం ఇవ్వాలి. ఆకలితో, దప్పికతో ఉన్న కుక్కను రవాణా చేయరాదు. వేసవిలో ప్రతి 4 గంటలకు, శీతాకాలంలో ప్రతి 6 గంటలకు త్రాగునీరు అందించాలి. రోడ్డు ప్రయాణానికి కూడా ఇవి మంచి కొలమానాలు. రేబీస్ టీకా పత్రాన్ని వెంట ఉంచుకోవాలి.

కుక్కను వెనుక సీటులో పట్టీతో గానీ, పెట్టెలో గానీ ఉంచటం మేలు. డ్రైవరు ఒడిలో కూర్చోబెట్టటం, కిటికీలోనుంచి తల బయటపెట్టనివ్వటం ప్రమాదకరం.

రైలులో

తెనాలి, బాపట్ల హౌరా - చెన్నై ప్రధాన మార్గంలోని స్టేషన్లు. రేపల్లె, తెనాలి నుండి వచ్చే శాఖా మార్గానికి చివరి స్టేషను. భారతీయ రైల్వే నియమాల ప్రకారం ఎ.సి. మొదటి తరగతిలో కూపేను లేదా క్యాబినును పూర్తిగా తమ పేర రిజర్వు చేసుకున్నవారు కుక్కను తమతో ఉంచుకోవచ్చు. ఎ.సి. రెండవ, మూడవ తరగతులలో, చైర్ కారులో, స్లీపర్ తరగతిలో పెద్ద కుక్కలను అనుమతించరు. వీటిని గార్డు బ్రేక్‌వ్యానులోని కుక్కల పెట్టెలో పంపవచ్చు. ఇందుకు పార్శిలు కార్యాలయంలో ముందుగా బుక్ చేసి లగేజి రుసుము చెల్లించాలి. దారిలో మేత, నీరు యజమాని బాధ్యత.

కాలువలు, సముద్రతీరం

వరి పొలాలలో, నిలువ నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది. ఇది కుక్కలకూ మనుషులకూ సోకే వ్యాధి. అందువలన కుక్కను కాలువ నీరు త్రాగనివ్వక, ఇంటినుండి తెచ్చిన నీరు పోయాలి. ఈ వ్యాధికి కుక్కలకు టీకా కలదు. గడ్డిలో తిరిగి వచ్చిన తరువాత చెవులలో, వేళ్ళ సందులలో గోమార్లు పట్టాయేమో చూడాలి.

సముద్రపు నీరు త్రాగిన కుక్కకు వాంతులు, విరేచనాలు కలుగుతాయి. మధ్యాహ్నపు ఇసుక పాదాలను కాల్చుతుంది. శీతాకాలం చివర, వేసవి ఆరంభంలో ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెడతాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) రక్షించే ఈ తాబేళ్ళ గూళ్ళను కుక్కలు త్రవ్వి గుడ్లను తింటాయి. కనుక తీరంలో పెంపుడు కుక్కను గొలుసుతోనే నడిపించాలి. తెల్లవారుజామున తీరానికి వెళ్ళి, ఎండ ముదరకముందే తిరిగి రావటం కుక్కకు క్షేమకరం.