మీకు తెలుసా? కారు ‘టిక్ టిక్’మని స్టార్ట్ కాకపోతే...

● తాళం తిప్పగానే వినిపించే ‘టిక్’ శబ్దం స్టార్టర్ మోటారు మీదుండే సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంత స్విచ్‌ది. దానికి కొద్దిపాటి కరెంటు చాలు. ఇంజిన్‌ను తిప్పే మోటారుకు మాత్రం ఒక్కసారిగా వంద ఆంపియర్లకు పైగా కావాలి.

● గబగబా ‘టిక్‌టిక్‌టిక్’ అంటుంటే చాలావరకు బ్యాటరీ దిగిపోయినట్టే. సోలినాయిడ్ అతుక్కోగానే మోటారు కరెంటు లాగుతుంది. దాంతో వోల్టేజీ పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది, వోల్టేజీ తేరుకోగానే మళ్లీ అతుక్కుంటుంది.

● ఒక్కసారే ‘టక్’మని ఆగి, హెడ్‌లైట్ల వెలుగు ఏమాత్రం తగ్గకపోతే స్టార్టర్ మోటారునో, సోలినాయిడ్‌నో అనుమానించాలి.

● కొత్త బ్యాటరీ కొనేముందు బానెట్ ఎత్తి టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే కరెంటు సరిగా పారదు. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ వైరు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో బ్రష్ పెట్టి రుద్దండి. ఆరాక బిగించేటప్పుడు నెగటివ్‌ను చివర బిగించాలి.

● పూర్తిగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, కారు ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 ఉంటే సుమారు సగం చార్జింగే మిగిలినట్టు.

● బ్యాటరీ ఆయుష్షును తగ్గించే వాటిలో ఎండ ముఖ్యమైనది. రోహిణి కార్తె ఎండల్లో కారును నీడన ఆపడం మేలు.

● మరో కారు బ్యాటరీ సాయంతో (జంప్ స్టార్ట్) స్టార్ట్ చేసేటప్పుడు చివరి నల్ల క్లిప్పును దిగిపోయిన బ్యాటరీకి కాకుండా, ఆ బ్యాటరీ ఉన్న కారు ఇంజిన్ మీద రంగు వేయని లోహభాగానికి తగిలించండి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు చిన్న నిప్పురవ్వ తగిలినా ప్రమాదమే!