ఎంబీఏ అయింది... ఇక డాక్టరేటా?

జుమా నమాజు ముగిసి జనం మస్జిద్ మెట్లు దిగుతున్నారు. రాజమండ్రి తాడితోటలో టోకు బట్టల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి చెప్పుల దగ్గర మమ్మల్ని ఆపి, సలాం చెప్పి, నేరుగా ప్రశ్న వేశారు. "మా అమ్మాయి ఎంబీఏ పూర్తిచేసింది. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఇంకో ఐదేళ్లట. వాళ్ల అమ్మేమో సంబంధాలు చూస్తోంది. మా తమ్ముడేమో బ్యాంకు పరీక్షలు రాయించమంటాడు. మీరు పేపర్లో రాస్తుంటారు కదా, మీరే చెప్పండి. చదివించమంటారా, మానిపించమంటారా?"

అక్కడికక్కడ జవాబు తోచలేదు. "వచ్చే జుమాకు చెబుతాం, ఇన్షాఅల్లాహ్" అని తప్పించుకున్నాం. తీరా ఇంటికొచ్చాక, ఇదే ప్రశ్న కాకినాడలో, భీమవరంలో, అమలాపురంలో ఎన్ని ఇళ్లలో నలుగుతోందో గుర్తుకొచ్చింది. ఒక తరం కిందట మన ఇళ్లలో డిగ్రీ పాసైతేనే వీధి వీధంతా చెప్పుకునేవారు. ఇవాళ ఎంబీఏ చదివిన పిల్లలున్నారు. అల్‌హందులిల్లాహ్, ఇలాంటి చిక్కు రావడం కూడా ఒక అదృష్టమే. అందుకే ఆయనకు ఇవ్వవలసిన జవాబు అందరి కోసం ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక అపోహ తొలగాలి. ఇంటర్ మీద డిగ్రీ, డిగ్రీ మీద ఎంబీఏ, దాని మీద పీహెచ్‌డీ అని మనవాళ్లు మెట్లు లెక్కపెడతారు. మూడో మెట్టు వరకు లెక్క సరే, నాలుగోది వేరే మేడ మెట్టు. సరుకు, డబ్బు, మనుషులు ఈ మూడింటినీ సర్దుకుంటూ వ్యాపారం ఎలా నడపాలో ఎంబీఏ నేర్పుతుంది. పీహెచ్‌డీలో మొదటి కొద్ది నెలల కోర్స్‌వర్క్ దాటాక పాఠం చెప్పేవారుండరు. ఇంతవరకు ఎవరూ సరిగా జవాబు చెప్పని ఒక ప్రశ్నను పట్టుకుని, ఆధారాలు పోగుచేసి, జవాబు తామే రాసి, దాన్ని తెలిసినవాళ్ల ముందు నిలబెట్టాలి. కంపెనీలో మేనేజరు కావాలనుకునే అబ్బాయికి దీని అవసరం దాదాపు లేదు. ఎంబీఏకి తగిన ఉద్యోగం దొరకలేదు కాబట్టి ఇందులో చేరదామనుకునే వారికి అసలే లేదు. ఐదేళ్లు పోయాక వయసు పెరిగి మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడవలసి వస్తుంది.

కళాశాలలో పాఠాలు చెప్పాలనీ, పరిశోధన చేయాలనీ ఉన్నవారికే ఈ దారి. అందులోనూ ఒక సంగతి గమనించాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ నియామకానికి నెట్, సెట్, స్లెట్ లలో ఏదో ఒకటి కనీసార్హత అనీ, పీహెచ్‌డీ తప్పనిసరి కాదనీ యూజీసీ 2023 జూలై నుంచి నిబంధన మార్చింది. అసోసియేట్ ప్రొఫెసర్, ప్రొఫెసర్ హోదాలకు మాత్రం పీహెచ్‌డీ లేనిదే కుదరదు. మన డెల్టాలో ఇంజనీరింగ్ కళాశాలల్లోనే ఎంబీఏ విభాగాలు చాలా ఉన్నాయి. అక్కడ జీతాలెంతో, నెలనెలా వస్తాయో రావో, ఇప్పుడు పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురిని కలిసి అడగండి. ప్రకటన చూసి లెక్కలు వేసుకోవద్దు.

ఐదేళ్లు అనగానే తండ్రుల గుండె జారేది ఫీజుల భయంతో. ఎంబీఏకే కొందరు బ్యాంకు రుణం తీసుకున్నారు. వడ్డీ కడుతున్నామన్న బాధ లోపల పెట్టుకునే చదివించారు. మళ్లీ అదేనా అని వారి బెంగ. నిజానికి సక్రమంగా దొరికిన పీహెచ్‌డీలో డబ్బు విద్యార్థి చేతికే వస్తుంది. యూజీసీ నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధించినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. ఆ పరీక్షలో మేనేజ్‌మెంట్ ఒక సబ్జెక్టు, కామర్స్ మరొకటి. ఫెలోషిప్‌కు వయసు 30 ఏళ్లు దాటకూడదు, స్త్రీలకు ఐదేళ్ల సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకు కూడా నెట్ మార్కులు పనికొస్తున్నాయి. ఐఐఎంలలో పూర్తికాలపు డాక్టరేట్ విద్యార్థులకు బోధన ఫీజు లేకుండా నెలసరి భత్యం ఇవ్వడం రివాజు. 2015లో మొదలైన విశాఖపట్నం ఐఐఎంలోనూ పీహెచ్‌డీ ఉంది. ఐఐఎంల విద్యార్థుల్లో ముస్లింలు 1.3 శాతమేనని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. ఆ గేటు వైపు కూడా తొంగిచూడని ఇళ్లు మన జిల్లాల్లో మాకు చాలానే తెలుసు.

దగ్గరి దారులూ ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎంబీఏ మొదలుపెట్టింది. ఒకప్పుడు గోదావరి పిల్లలు పై చదువుకు వాల్తేరు రైలెక్కవలసిందే. 2006లో రాజమండ్రికి ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చింది, 2008లో కాకినాడ జేఎన్‌టీయూ విడిగా విశ్వవిద్యాలయమైంది. ఉర్దూ చదువుకున్నవారికి హైదరాబాదులో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడ మేనేజ్‌మెంట్‌లో పరిశోధన చేయవచ్చు. అయితే రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సీటు దొరికి ఫెలోషిప్ దొరకకపోతే ఇంటి ఖర్చు ఎవరు మోస్తారో ముందే కూర్చుని తేల్చుకోవాలి. మైనారిటీ పరిశోధకుల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్ర ప్రభుత్వం 2022-23 నుంచి నిలిపివేసింది. ఇప్పటికీ దాన్ని నమ్ముకుని లెక్క వేసుకునేవాళ్లు మాకు కనబడుతూనే ఉన్నారు. ఇంకొకటి, రాష్ట్రంలో బీసీ-ఇ పత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. రెండూ వేర్వేరు జాబితాలు. దరఖాస్తు నింపేముందే చూసుకోండి.

తండ్రికి ఒంట్లో బాగుండక, చెల్లెళ్ల బాధ్యత మీద పడ్డ అబ్బాయి ఒకడు మమ్మల్ని ఇదే అడిగాడు. అతనికి మేం వద్దనే చెప్పాం. ఇంటివారి తిండి మానిపించి తెచ్చుకునే పట్టాలో బరకత్ ఎక్కడుంటుంది? ఉద్యోగం చేసుకుంటూ, యజమాని నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకుని, పార్ట్‌టైం పీహెచ్‌డీ చేసే వీలు యూజీసీ నిబంధనల్లోనే ఉంది. రెండేళ్లు ఆగి అలా చేరవచ్చు.

ఈ తొందరను కనిపెట్టే కొందరు దుకాణాలు తెరిచారు. ఇంట్లో కూర్చుని, లక్షలు కట్టి, విదేశీ విశ్వవిద్యాలయం పేరుతో ఆన్‌లైన్‌లో డాక్టరేట్ తెచ్చుకోండని ప్రకటనలు వస్తుంటాయి. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులోనే ప్రకటించాయి. డబ్బు పుచ్చుకుని థీసిస్ రాసిపెట్టేవారి సంగతి చెప్పనక్కర్లేదు. అలా వచ్చిన పట్టాతో పేరు ముందు డాక్టర్ అని రాసుకున్న ప్రతిసారీ ఒక అబద్ధ సాక్ష్యం చెప్పినట్టే.

ఇక తల్లుల భయం, పెళ్లి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు మన ఇళ్లలో ఎవరూ చదివినట్టు లేరు. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు అన్నది గడువు. స్త్రీలకు దానిపై మరో రెండేళ్లు ఇవ్వవచ్చు. ప్రసూతికీ, పిల్లల పెంపకానికీ మొత్తం మీద 240 రోజుల వరకు సెలవు ఇవ్వవచ్చు. పెళ్లయి వేరే ఊరు వెళ్లిన అమ్మాయి అప్పటివరకు చేసిన పరిశోధనను అక్కడి విశ్వవిద్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. అంటే పెళ్లికీ చదువుకీ కుస్తీ పెట్టనవసరం లేదు. సంబంధం మాట్లాడేటప్పుడే ఈ సంగతి దాచకుండా చెప్పి, వరుడి తరఫువారి మాట తీసుకోవడం మేలు. నిఖా తర్వాత చూద్దాంలే అనుకున్న చోటే గొడవలు మొదలవుతాయి.

"ఇదేమైనా దీన్ చదువా, ఇంత కష్టపడటానికి?" అని అడిగేవారూ ఉన్నారు. దివ్యఖుర్ఆన్ అవతరణ చదవమన్న ఆజ్ఞతోనే మొదలైందని అందరం చెప్పుకుంటాం. ప్రయోజనం లేని జ్ఞానం నుంచి దైవప్రవక్త (సఅసం) అల్లాహ్ శరణు వేడేవారన్న హదీసును మాత్రం అంతగా తలుచుకోం. ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహ్ అలైహి) కూఫా నగరంలో పట్టుబట్టల వ్యాపారి. గురువు హమ్మాద్ వద్ద సుమారు 18 ఏళ్లు చదివారని చరిత్రకారులు రాస్తారు. అంత చదివీ దుకాణం మూయలేదు, భాగస్వాములతో నడిపించారు. బజారులో ఏం జరుగుతుందో స్వయంగా తెలిసిన మనిషి కాబట్టే కొనుగోలు, అరువు, భాగస్వామ్యం గురించి ఆయన చెప్పిన తీర్పులు అంత సూటిగా ఉంటాయి. మన హైదరాబాదులోనే 1908లో పుట్టిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ బాన్, పారిస్ నగరాల్లో డాక్టరేట్లు చేసినవారు. ఆ మహాపండితుడు తన సొంత ఊళ్లో నడిచిన వడ్డీలేని రుణ సంఘాల మీద కూడా వ్యాసం రాశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, డబ్బూ పెళ్లీ తేలాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది. ఆ అమ్మాయికి తనదంటూ ఒక ప్రశ్న ఉందా? 1970ల చివర మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన నరసాపురం వచ్చింది. అక్కడి స్త్రీలు లేసు అల్లడం ఎన్నో తరాలుగా ఉన్నదే. 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిన పని అది. గడప దాటకుండా అల్లుతారు, ఏజెంట్లు వచ్చి సరుకు పట్టుకెళతారు, అది విదేశాలకు పోతుంది. మనందరికీ తెలిసిందే కదా అనుకున్నాం. ఆమె ఒక్క మాట అడిగింది: ఇంత పనిచేస్తున్న ఈ స్త్రీలను పనివాళ్లని ఎందుకు అనరు? తీరిక వేళ కాలక్షేపానికి అల్లుతున్నారని వ్యాపారులు చెప్పే మాటే వారి కూలిని తక్కువగా ఉంచుతోందని ఆమె తేల్చింది. 1982లో ఆ పుస్తకం వచ్చింది, ఇప్పటికీ ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో చదువుతున్నారు. నరసాపురం గడపలో ఉన్న ప్రశ్న అది. మనకు కనబడలేదు, అంత దూరం నుంచి వచ్చిన మనిషికి కనబడింది.

ఇలాంటివి డెల్టా నిండా ఉన్నాయి. అంబాజీపేట కొబ్బరి ధరను ఎవరు నిర్ణయిస్తారు? కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి వెళ్లిన స్త్రీలు పంపే డబ్బు ఇక్కడ ఎవరి చేతిలో ఖర్చవుతోంది? వక్ఫ్ దుకాణాల అద్దెలు బజారు అద్దెలతో సమానంగా ఎందుకు ఉండవు? మూడోది మాత్రం ఎవరైనా చేపడితే చదవడానికి మేం ఎదురుచూస్తుంటాం.

నిర్ణయానికి ముందు ఇస్తిఖారా చేసుకోమని పెద్దలు చెబుతారు. రెండు రకాతులు నఫిల్ చదివి మేలైన దారి చూపమని అల్లాహ్‌ను వేడుకోవడం అది. కల వస్తుందని ఎదురుచూస్తూ దరఖాస్తు గడువు దాటించుకున్నవాళ్లను మేం ఎరుగుదుం. దానితోపాటు మష్వరా కూడా కావాలి. పీహెచ్‌డీ పూర్తిచేసిన ఒకరిని, మధ్యలో మానేసిన ఒకరిని కలవాలి. రెండోవారి మాట ఎక్కువ పనికొస్తుంది.

మొన్న మంగళవారం తాడితోట వెళ్లాం. అమ్మాయి దుకాణంలోనే ఉంది. "నీ ప్రశ్న ఏమిటమ్మా?" అని అడిగాం.

ఆమె తండ్రి వైపు చూసి చెప్పింది. "పల్లెటూళ్ల చిన్న దుకాణాలవాళ్లు అబ్బా దగ్గర అరువు మీద బట్ట పట్టుకెళతారు. కాగితం ఉండదు, తాకట్టు ఉండదు, వడ్డీ ఉండదు. ఎవరికి ఎంత ఇవ్వచ్చో అబ్బా మొహం చూసి చెప్పేస్తారు. చాలామంది కట్టేస్తారు కూడా. బ్యాంకు ఇన్ని కాగితాలు అడిగి తెలుసుకోలేనిది అబ్బాకి ఎలా తెలుస్తోంది? అది రాయాలని ఉంది."

పెద్దమనిషి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొహం చూసి కాదు బేటీ, వాళ్ల ఊళ్లో వరి ఎలా ఉందో చూసి" అన్నారు.

మా జవాబు ఆయనకు అక్కడే చెప్పాం. రెండుసార్లు నెట్ రాయనివ్వండి. ఆ ఏడాది దుకాణంలోనో, బయటో పనిచేస్తూ చదువుకుంటుంది. ఫెలోషిప్ వస్తే ఆపవద్దు. రాకపోతే పార్ట్‌టైం సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. సంబంధాలు చూడటం మానక్కర్లేదు గానీ, వచ్చినవారికి ఈ మాట ముందే చెప్పండి.

ఆయన తల ఊపారు. కుర్రవాణ్ణి పిలిచి, ఇంట్లో అటక మీదున్న పాత ఖాతా పుస్తకాలు దింపమనీ, చెదలు పట్టాయేమో చూడమనీ పురమాయించారు.