వెట్టి అర్థవిస్తరణ: 23వ అధికరణం, 1982 తీర్పు

వెట్టి అనగానే తెలుగు పాఠకునికి నిజాం కాలపు గడీ, దొర, పటేలు గుర్తుకు వస్తారు. కూలి ఇవ్వకుండా బలవంతాన చేయించుకునే చాకిరీ అన్నదే ఆ పదానికి స్థిరపడిన అర్థం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవలను కూడా ఆ అర్థంలోనే చదువుతున్నాం. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టితోపాటు దానిని పోలిన నిర్బంధ శ్రమ రూపాలన్నింటినీ నిషేధించింది. వీటి పరిధి ఎంత అన్న ప్రశ్న 1982లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది.

ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల స్థితిపై పీపుల్స్ యూనియన్ ఫర్ డెమోక్రటిక్ రైట్స్ రాసిన లేఖనే న్యాయస్థానం పిటిషన్‌గా స్వీకరించింది. రోజు కనీస వేతనం 9 రూపాయల 25 పైసలు. గుత్తేదారు ఆ మొత్తాన్ని జమాదారుకు ఇస్తే, అతడు రూపాయి కమీషన్ మినహాయించుకొని మిగిలినది కూలీ చేతిలో పెట్టేవాడు. ఇది నిర్బంధ శ్రమేనని జస్టిస్ పి.ఎన్. భగవతి, జస్టిస్ బహరుల్ ఇస్లాంల ధర్మాసనం నిర్ణయించింది. ఆకలి మరో దారి లేకుండా చేసినప్పుడు తక్కువ కూలికి ఒప్పుకోవడం స్వేచ్ఛా సమ్మతి కాదన్నది దాని తర్కం. బలప్రయోగం గానీ అప్పు బంధం గానీ అందుకు తప్పనిసరి కాదు.

ఉత్పత్తి సాధనాలు లేని కార్మికుని ‘స్వేచ్ఛ’ గురించి మార్క్స్ చేసిన విశ్లేషణకు ఈ తర్కం దగ్గరగా వచ్చి, కనీస వేతనం గీత దగ్గర ఆగిపోయింది. ఆ గీత దాటితే అదే ఆకలి నిర్బంధం అనిపించుకోదు. ఇది తీర్పు పరిమితి.

పాలమూరు వలస కూలీల జీవితంలోని గుంపు మేస్త్రీ ఈ జమాదారుకు దగ్గరివాడు. వలస కథలను, గడీ నవలలను వేర్వేరు వస్తువులుగా విభజించే విమర్శ పద్ధతిని ఈ కోణం నుంచి పునఃపరిశీలించవలసి ఉంది.