బొమ్మ చెప్పి అడిగే సరుకు

కిరాణా కొట్టు ముందు కాసేపు నిలబడితే మార్కెట్ సర్వేలు చెప్పని సంగతులు బోలెడు తెలుస్తాయి. చదువుకున్నవాళ్లు కూడా సరుకును పేరుతో అడగరు. ‘ఆ పచ్చ ప్యాకెట్టు ఇవ్వండి’, ‘పాప బొమ్మ బిస్కెట్లు రెండు’, ‘ఎర్ర మూత సీసా ఉందా అన్నా?’ అంటారు. కొట్టతను మారు మాట్లాడకుండా తీసి ఇస్తాడు. ప్రకటనల పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఈ మాటలు చెవిన పడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ముందు రంగు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అక్షరం. మన దేశంలో నిలబడిన బ్రాండ్లలో చాలావాటి వెనక ఈ వరస తెలిసినవాళ్లెవరో ఒకరు ఉన్నారు. అలాంటి కొన్ని విశేషాలివి.

పెయింటరు చేతికి వీలుగా

1966లో అమూల్ వెన్న ప్రచారం అప్పగిస్తూ వర్గీస్ కురియన్ ఏజెన్సీని ముఖ్యంగా కోరినవి రెండు. బొమ్మ సులువుగా గీయడానికి వీలుండాలి, ఒకసారి చూస్తే గుర్తుండిపోవాలి. అప్పట్లో హోర్డింగులు చేత్తో వేసేవారు. తరచూ మార్చాల్సిన బొమ్మలో నగిషీలు ఎక్కువైతే పెయింటరుకు నరకమే. ఏజెన్సీలోని సిల్వెస్టర్ డకున్హా ఆలోచనకు ఆర్ట్ డైరెక్టర్ యూస్టస్ ఫెర్నాండెజ్ గీత తోడై చుక్కల గౌను పాప పుట్టింది. నిచ్చెనెక్కి బ్రష్ పట్టుకునే మనిషిని ముందుగా తలుచుకుని వేసిన డిజైన్ అది. అందుకే ఇన్నేళ్లయినా ఆ గీత అలసిపోలేదని నా నమ్మకం.

పార్లే-జీ ప్యాకెట్టు మీద పాప ఎవరని ఇప్పటికీ ఇళ్లలో వాదనలు జరుగుతుంటాయి. ఎవరూ కాదు. 1960లలో ఎవరెస్ట్ క్రియేటివ్ ఏజెన్సీలో పనిచేసిన మగన్‌లాల్ దహియా గీసిన బొమ్మ అది.

ఒకప్పుడు ఏషియన్ పెయింట్స్ డబ్బా మీద బ్రష్ పట్టుకుని నిలబడిన అల్లరి పిల్లాడు గట్టును 1954లో గీసింది కార్టూనిస్ట్ ఆర్.కె.లక్ష్మణ్. ‘కామన్ మ్యాన్’ గీసిన చెయ్యే అదీ.

పెట్టె మీద జోడెద్దులు

మన దేశంలో జరిగిన అతి పెద్ద డిజైన్ పని ఏ కంపెనీదీ కాదు, ఎన్నికల సంఘానిది. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యులు నూటికి 18 మందే. ఓటు మాత్రం వయోజనులందరికీ ఉంది. మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తున్న పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. కాంగ్రెస్‌కు జోడెద్దులు, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. పల్లెల్లో పార్టీ పేరు పలకనివాళ్లు కూడా ‘జోడెద్దులకు వేశాం’ అని చెప్పుకునేవారు. ఆ తర్వాత ఎం.ఎస్.సేథీ అనే డ్రాఫ్ట్స్‌మన్ పెన్సిల్‌తో గీసిన గుర్తులెన్నో బ్యాలెట్ కాగితాల మీదికి ఎక్కాయి. ఆ గీతల్లోని నిరాడంబరత చూడండి. ఎంత చిన్నగా అచ్చేసినా, ఎంత నాసిరకం కాగితం మీద పడినా సైకిల్ సైకిల్‌లాగే, ఫ్యాను ఫ్యానులాగే కనిపిస్తాయి. మా పనిలో చేరే కుర్రాళ్లకు ఏ విదేశీ లోగోనో చూపించే ముందు ఓ పాత బ్యాలెట్ కాగితం చేతిలో పెట్టాలని నేననుకుంటాను.

పసుపు డబ్బీ, నారింజ సీసా

అమృతాంజనం 1893లో బొంబాయిలో పుట్టింది. పుట్టించినవారు కృష్ణా జిల్లా ఎలకుర్రుకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. తలనొప్పి మందును జనంలోకి తీసుకెళ్లడానికి ఆయన ఎంచుకున్న చోటు సంగీత కచేరీ! సభల్లో ఉచితంగా డబ్బీలు పంచిపెట్టారు. నేటి భాషలో శాంప్లింగ్ అంటాం. గంటల తరబడి ఒకేచోట కూర్చునే జనం, చేతిలో ఓ చిన్న డబ్బీ, అక్కడికక్కడే నుదుటికి రాసి చూసుకునే వీలు. ఇంతకంటే మంచి చోటు ఈరోజు వెతికినా దొరకదు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతో ఆయన 1914లో మద్రాసు నుంచి ఆంధ్రపత్రికను దినపత్రికగా తెచ్చారు. 1924లో ‘భారతి’ మాసపత్రిక మొదలుపెట్టారు. తెలుగు సాహిత్య చరిత్రలో ఆ రెండు పత్రికల చోటేమిటో చెప్పనక్కర్లేదు. ఒక బ్రాండు తన భాషకు ఇంత తిరిగిచ్చిన ఉదాహరణ నాకు మరొకటి తట్టదు. ప్రకటనల వృత్తి గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నేను ముందు పంతులుగారి పేరే చెబుతాను.

హైదరాబాదు ఇళ్లలో అమృతాంజనానికి జోడు జిందా తిలిస్మాత్. 1920లో హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన మందు. జలుబైనా, కడుపునొప్పి అయినా ఆ చిన్న సీసాయే. దాని మీద ఉన్న దృఢకాయుడైన ఆఫ్రికన్ బొమ్మ వెనక నగర చరిత్ర ఉంది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డులుండేవారు. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అని పిలిచే చోటు వాళ్ల పేరు మీదే నిలిచింది. సీసా మీద బొమ్మ, బస్తీ పేరు రెండూ ఒకే జ్ఞాపకంలోంచి వచ్చాయి.

మైసూర్ శాండల్ సబ్బు మీద ఏనుగు తల, సింహం ఒడలు ఉన్న జంతువును చూసే ఉంటారు. దాని పేరు శరభం. సంస్థానాధీశుడు కృష్ణరాజ ఒడెయరు, దివాన్ విశ్వేశ్వరయ్య హయాంలో మొదలైన ఆ సబ్బును కర్ణాటక వాళ్లతో సమానంగా సొంతం చేసుకున్నది తెలుగువాళ్లే.

వడ్రంగి చేతిలో పుస్తకం

1959లో వచ్చిన ఫెవికాల్‌కు బల్వంత్ పరేఖ్ వేసిన దారి వేరు. జిగురు కొనేది ఇంటి యజమానే అయినా ఏ జిగురు తేవాలో చెప్పేది వడ్రంగి. కాబట్టి సరుకును నేరుగా వడ్రంగుల దగ్గరికే తీసుకెళ్లారు. తర్వాత ఫర్నిచర్ డిజైన్ల పుస్తకాలు వేశారు. మన ఊళ్లలో మంచమో బీరువానో చేయించాలనుకున్నప్పుడు వడ్రంగి సంచిలోంచి తీసి ఇంటావిడ ముందు పరిచే రంగుల పుస్తకం అదే. ఆవిడ వేలు పెట్టి ‘ఇలాంటిది’ అంటుంది. అతను కొలత తీసుకుంటాడు. పేజీలు మాసిపోయి, మూలలు నలిగిపోయి, మధ్యలో రంపపు పొట్టు ఇరుక్కుని ఉంటుంది. ప్రకటన అని ఎవరూ అనుకోని ప్రకటన. అందుకే అంత బాగా పనిచేసింది.

షాంపూను చిన్న పొట్లంలో అమ్మవచ్చని చూపినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు తమిళనాడు కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. ఆయన కొడుకు సి.కె.రంగనాథన్ 1983లో పదిహేను వేల రూపాయలతో సొంతంగా మొదలుపెట్టిన షాంపూ ‘చిక్’. ఆ పేరు తండ్రి పేరులోంచే వచ్చింది. ఏ షాంపూదైనా సరే ఖాళీ పొట్లాలు అయిదు తెస్తే ఒక చిక్ పొట్లం ఉచితమని ప్రకటించారు. అలవాటు పడ్డాక, అయిదూ చిక్ పొట్లాలే అయి ఉండాలన్నారు. పోటీ సరుకు ఖాళీ పొట్లం ఏరి తెచ్చినవాడికి తన సరుకు ఇవ్వడం! ఎదుటివాడి కొనుగోలుదారు ఎవరో వెతుక్కునే ఖర్చు కూడా లేదు. పథకాల గురించి నేను చదివినవాటిలో ఇంత పొదుపైన తెలివి అరుదు. ఆ పొట్లాలు ఇప్పుడు మురుగుకాల్వల్లో పేరుకుంటున్న తీరు చూస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది. దానికి పరిష్కారం వెతకాల్సిన బాధ్యత మా వృత్తిదే ముందు.

చెవిన పడ్డవి

వివిధ భారతిలో ప్రకటనలు 1967 నవంబరు 1న, దూరదర్శన్‌లో 1976 జనవరి 1న మొదలయ్యాయి. నిర్మా పాట, రస్నా పాప ఆ తర్వాతి తరానికి ఇంటి మనుషులయ్యారు. అలా చిన్నప్పుడు రస్నా ప్రకటనల్లో కనిపించిన అంకిత, పెద్దయ్యాక 2003లో ‘సింహాద్రి’లో హీరోయిన్‌గా వచ్చింది. లిరిల్ సబ్బు ప్రకటన తీసిన కొడైకెనాల్ దగ్గరి పాంబార్ జలపాతాన్ని లిరిల్ జలపాతం అనే పిలుస్తున్నారు.

ప్రకటన జనం నోట నిలిచిపోవడానికి మన తెలుగులో అంతకంటే గట్టి ఉదాహరణ సినిమా హాల్లో వచ్చిన పొగాకు వ్యతిరేక ప్రకటన. ‘ఈ నగరానికి ఏమైంది’ అన్న ఆ గొంతు వినగానే హాలంతా మిగతా వాక్యం పూర్తిచేసేది. 2018లో తరుణ్ భాస్కర్ తన సినిమాకు ఆ మాటనే పేరుగా పెట్టుకున్నాడు. ప్రభుత్వ ప్రకటనలోని మాట సినిమా పేరైందంటే, ఆ డబ్బింగ్ గొంతు చేసిన పని చిన్నది కాదు.

‘లక్ష్మీ’ రాయడం ఎంత కష్టం

గోడల మీద సిమెంటు, ఎరువుల ప్రకటనలు రాసేవాళ్ల పని ఎప్పుడైనా దగ్గరగా గమనించారా? ముందు గోడకు తెల్ల సున్నం పూత. ఆరాక, రంగు పొడి పట్టించిన దారాన్ని ఇద్దరు చెరోవైపు బిగించి పట్టుకుని, మధ్యలో లాగి వదులుతారు. టప్పున గీత పడుతుంది. ఆ గీతల మధ్య అక్షరాల అంచులు, తర్వాత నింపడం. చివరికి మూలన చిన్నగా తమ ‘ఆర్ట్స్’ పేరు.

తెలుగు రాసేటప్పుడు ఆ దారం గీతలు ఇంగ్లీషుకు వేసినంత దగ్గరగా వేస్తే పని చెడుతుంది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘లక్ష్మీ’నే తీసుకోండి, మన ఊళ్లలో అడుగడుగునా కనిపించే దుకాణం పేరు. ఆ ఒక్క ‘క్ష్మీ’లో పైన గుడిదీర్ఘం, కింద ష వత్తు, దాని దిగువన మ వత్తు. ముందు ‘శ్రీ’ కూడా ఉంటే దానికి క్రావడి చుట్టు. అనుభవమున్న పెయింటరు పై వరస రాసేటప్పుడే కింది వరసలో ఎక్కడ ఖాళీ వస్తుందో చూసుకుని వత్తును అందులోకి దింపుతాడు. కంప్యూటర్ మీద ఫ్లెక్సీ చేసే కుర్రాడు చోటు చాలక అక్షరాన్ని అడ్డంగా నొక్కేస్తాడు. వత్తు కింది ఫోను నంబరు మీద పడుతుంది. తప్పు తెలుగు లిపిది కాదు, ఇంగ్లీషు కొలతలతో గీసిన లేఅవుట్‌ది. తెలుగు లైనుకు తెలుగుకు కావలసినంత ఎత్తు ఇస్తే చాలు, ఆ గుండ్రటి అక్షరాల అందం దానంతటదే బయటపడుతుంది. సినిమా పోస్టర్ల మీద ఈశ్వర్ కుంచెతో రాసిన పేర్లు, పెళ్లి పత్రికల మీద బాపు చేతిరాత చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

మంచి ఖతులు లేవన్న సాకు కూడా ఇప్పుడు చెల్లదు. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన గిడుగు, గురజాడ, మండలి, పెద్దన, ధూర్జటి వంటి ఖతులు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.

రెండు పచ్చలు

చిప్స్ ప్యాకెట్టు మీద పచ్చ చతురస్రంలో పచ్చ చుక్క ఉంటే శాకాహారం. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది. రంగుల తేడా తెలియనివాళ్లకు రెండు చుక్కలూ ఒకేలా కనిపిస్తాయని 2020 నిబంధనల్లో దాన్ని త్రికోణంగా మార్చారు. కొద్దిమంది కళ్ల కోసం దేశమంతా గుర్తు మార్చడం నాకెంతో నచ్చిన నిర్ణయం.

ఇప్పుడు పురుగుమందు డబ్బా చూద్దాం. దాని మీద నిలువుగా నిలబెట్టిన డైమండ్ ఆకారం ఉంటుంది. లేబుల్ ముఖంలో కనీసం పదహారో వంతు చోటు దానికివ్వాలి. కింది సగంలో రంగు. ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే తీవ్ర విషం, నీలమైతే ఒక మోస్తరు, పచ్చయితే స్వల్పం. స్వల్పమైనా విషమే. ఎరుపు డబ్బా మీద పుర్రె ఎముకల గుర్తు ఉంటుంది, పచ్చ డబ్బా మీద ఉండదు. తినే ప్యాకెట్ల మీద పచ్చను నమ్మకంగా చూడటం నేర్చిన కళ్లే పొలంలో ఈ పచ్చనూ చూస్తాయి. డిజైన్ పాఠాల్లో రంగుకు అర్థం సందర్భాన్ని బట్టి మారుతుందని చెప్పుకుంటాం. ఇక్కడ ఆ మార్పును పత్తి చేలో మందు కొట్టే మనిషి ఒంటరిగా అర్థం చేసుకోవాలి.

పురుగుమందుల కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని నిబంధన ఉంది. కానీ ఆ మడతల కాగితం మీద తెలుగు ఎంత చిన్నగా ఉంటుందో విప్పి చూడండి. వత్తులు సిరా చుక్కల్లా కలిసిపోతాయి. ఇక తినే సరుకులకైతే ఇంగ్లీషో హిందీయో ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. ఎప్పటిలోగా వాడాలో, అందులో ఏం కలిసిందో తెలుగులో లేని ప్యాకెట్టు మీద పండగ ఆఫర్ మాత్రం పెద్ద తెలుగు అక్షరాల్లో కనిపిస్తుంది. అమ్మడానికి పనికొచ్చిన భాష జాగ్రత్త చెప్పడానికీ పనికి రావాలి. చట్టం అడిగినా అడగకపోయినా, తెలుగు నేల మీద సరుకు అమ్మే ప్రతి కంపెనీకి ఈ మాట చెప్పాల్సింది ఏజెన్సీలో కూర్చున్న మేమే.

కంపెనీ పోయినా స్టాపు ఉంది

1942లో పుట్టిన హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు, వాచీలు, డబుల్ డెక్కర్ బస్సులు చేసింది. ఇప్పుడా వాచీ లేదు, ఫ్రిజ్ లేదు. మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా మాత్రం ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారినా ‘ఆంధ్రా బ్యాంకు సందు’ అనే దారి చెబుతున్నారు.

గోడ మీద ఏడాది

ఇంట్లో ఏడాదంతా వేలాడే ప్రకటన క్యాలెండర్. అరవవాళ్లు రోజుకో కాగితం చించే దాన్ని ఇష్టపడితే, మనవాళ్లకు తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం గళ్లలో కిక్కిరిసిన నెలవారీ క్యాలెండరే కావాలి. పాల లెక్క, గ్యాస్ వచ్చిన తేదీ, పనిమనిషి రాని రోజు అన్నీ ఆ గళ్లలోనే పెన్నుతో చేరతాయి. అమావాస్యకు నల్ల చుక్క, పున్నమికి తెల్ల చుక్క. శివకాశి అచ్చు యంత్రాలు బొమ్మ, పంచాంగం ముందే వేసేసి, అడుగున దుకాణం పేరుకు చోటు వదులుతాయి. కొత్త ఏడాది నమూనాల ఆల్బమ్‌ను తమిళుల ఆడి మాసం పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు మొదట్లో, విడుదల చేయడం అక్కడి ఆనవాయితీ. ఆ తర్వాత ఏజెంట్లు ఆల్బమ్ చంకన పెట్టుకుని దుకాణాల గడప తొక్కుతారు. బట్టల కొట్టు యజమాని పేజీలు తిప్పుతూ ముందు చూసేది దేవుడి బొమ్మ, ఆ తర్వాత అడిగేది తన పేరు ఎంత సైజులో వస్తుందని.